మా అత్త గొర్రెల లెక్క

నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఎక్కాలు పన్నెండో ఎక్కం దాకా వస్తాయి, ఆపైన తడబాటే. కానీ నాకు ఇంకో లెక్క కూడా వచ్చు. అది బడిలో చెప్పింది కాదు, అత్తగారింట్లో గొర్రెల దొడ్డి దగ్గర నేర్చుకున్నది.

మా అమ్మగారిల్లు మోమిన్‌పేట్ దిక్కు. నన్ను కోట్‌పల్లి పక్క ఊరికి ఇచ్చారు. మా పుట్టింట్లో గొర్రెలను మా తాత కాలంలోనే అమ్మేశారు. అత్తగారింట్లో మాత్రం ఎనభై దాకా ఉండేవి. పొద్దుగూకే వేళకు మా మామ మందను తోలుకొచ్చేవాడు. మా అత్త దొడ్డి తడిక కొంచెమే తీసి, పక్కన నిలబడి, ఒక్కొక్క గొర్రె లోపలికి దూరుతుంటే దాని వీపును కట్టెతో ముట్టుకుంటూ లెక్కపెట్టేది. "ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు..." పది కాగానే ఒక రాయి ఒళ్ళో వేసుకునేది. నేను కాపురానికి వచ్చిన మూడో రోజు అడిగాను.

"అత్తమ్మా, గిదేం లెక్క?"

"గొర్ల లెక్క," అంది. అంతే. మా అత్త మాటలు చాలా తక్కువ.

నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? మా అమ్మ పొదగేసిన గుడ్లను మమ్మల్ని లెక్కపెట్టనిచ్చేది కాదు, దిష్టి తగులుతుందని. కాబట్టి గొర్రెలను మనుషుల లెక్కలో లెక్కపెడితే తరిగిపోతాయేమో, అందుకే గొల్లకురుమల ఇళ్ళలో వేరే లెక్క పెట్టుకున్నారేమో అనుకున్నాను. నా బుద్ధికి అది సరిగ్గానే ఉంది. ఇంకెవరినీ అడగలేదు.

మా అత్త ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. కూర బాగుంటే తింటుంది, బాగాలేకపోయినా తింటుంది. నాలుగేళ్ళకు ఆమె కళ్ళకు పొర కమ్మింది. ఒకరోజు మంద వచ్చాక, ఏమీ చెప్పకుండా చేతిలో కట్టె నా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. ఆ సంతోషంతో ఆ పూట నాకు అన్నం సయించలేదు. కంటికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆ కట్టె తిరిగి అడగలేదు. అప్పటి నుంచి, మామ పోయి మా ఆయన మందను అందుకున్నాక కూడా, దొడ్డి లెక్క నాదే. ఆమె పక్కన రాయి మీద కూర్చునేది, నేను పైకి లెక్కపెట్టేదాన్ని, ఆమె తల ఊపేది. రోజుకు ఆ కాసేపు మా ఇద్దరిదీ. మా పిల్లలకు కూడా ఆ లెక్క నేర్పించాను. "గీ లెక్క మనుషుల మీద పెట్టొద్దు, కీడు," అని కూడా చెప్పాను.

పోయినేడు ఎండాకాలంలో మా మరిది పెళ్ళయింది. మా మరిది తాండూరులో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పిల్లది కర్ణాటక. బార్డరు దాటితే రెండు గంటల దూరం. అన్నిటికంటే ముఖ్యం, అది మా అత్త పుట్టిన ఊరే, ఆ సంగతీ నాకు అప్పుడే తెలిసింది. తాండూరులో మంచి రూము దొరికేదాకా కొత్తకోడల్ని మా దగ్గరే ఉంచారు. ఇరవై రెండేళ్ళ పిల్ల. డిగ్రీ చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ టీవీలో విన్న తెలుగు. ప్రతి మాటా సాపు చేసిన చీర మడతలాగా ఉంటుంది. బోర్డు మీది తెలుగు అక్షరం మాత్రం చదవలేదు.

వచ్చిన మూడో రోజు, అందరం తినడానికి కూర్చున్నాం. ఆ పిల్ల పొయ్యి దగ్గర నుంచి లేచి, ఎన్ని రొట్టెలు చేయాలో చూసుకోవడానికి మా మీదికి వేలు పెట్టి మొదలుపెట్టింది. నా కొడుకు మీద "ఒందు." నా బిడ్డ మీద "ఎరడు." మా ఆయన మీద "మూరు..."

నా చేతిలో గంటె కింద పడింది.

"ఏయ్! ఏందే గది! మనుషులను గొర్ల లెక్కల లెక్కవెడ్తవా? పిల్లలున్నరు ఇంట్ల!"

ఆ పిల్ల వేలు గాలిలోనే ఆగింది. మా మరిదికి పొలమారింది. నీళ్ళు తాగి, పడీపడీ నవ్వి అన్నాడు, "వదినా, గది కన్నడ. గొర్ల లెక్క గాదు. అక్కడ మనుషులకు గూడ గదే లెక్క!"

నేను మా ఆయన వైపు తిరిగాను. "నీకెర్కనా?"

"చిన్నప్పటి సంది ఎర్క."

"మరి ఇరవై ఏండ్ల సంది చెప్పవైతివి?"

"నువ్వు అడుగకపోతివి," అన్నాడు రొట్టె తుంచుకుంటూ.

నవ్వితే నవ్వారు, అది కాదు నా బాధ. నేను మా అత్త ముఖం చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. గాలిలో ఆగిపోయిన ఆ వేలినే చూస్తోంది. ఉన్న నాలుగు పళ్ళతో నవ్వుతోంది. తర్వాత ఆ పిల్లతో ఏదో అంది, కన్నడంలో. ఆ పిల్ల పక్కున నవ్వి జవాబు చెప్పింది. మా అత్త గొంతు అంత సన్నగా, అంత తొందరగా పరుగెత్తుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆయన తర్వాత చెప్పాడు. మా అత్త పద్నాలుగేళ్ళకు ఈ ఇంటికి వచ్చిందట. ఆమె అత్త, "గీ ఇంట్ల మన మాటనే మాట్లాడాలె," అని నోరు కట్టేసిందట. కానీ పుట్టింటివాళ్ళు అరణంగా ఇచ్చిన ఐదు గొర్రెలు తెలుగులో పిలిస్తే కదిలేవి కావట. అందుకని దొడ్డి దగ్గర మాత్రం ఒప్పుకున్నారట. తల్లిదండ్రులు పోయారు, అన్నదమ్ములు పనులకు దూరం పోయారు. ఆ భాష గొర్రెలకే మిగిలింది. మరి నాకు ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది?

అప్పటి నుంచి నాకు కడుపులో మంట మొదలైంది. దాచిపెట్టి లాభం లేదు, అది పచ్చి కుళ్ళే. ఆ పిల్ల పుట్టింటి నుంచి పల్లీల పొడి డబ్బా తెచ్చింది. మా అత్త ఆ పొడిలో నూనె పోసుకుని వేలు నాకింది. నా చేతి తొక్కు ఇరవై ఏళ్ళు తిన్నది, ఏనాడూ వేలు నాకలేదు. తలకు నూనె పెట్టించుకోవడం నా దగ్గరే అలవాటు. ఒక శుక్రవారం నేను నూనె గిన్నె వెచ్చబెట్టి తెచ్చేసరికి, మా అత్త గడప మీద కూర్చుని ఆ పిల్ల ముందు తల వంచి ఉంది. ఆ పిల్లను "యవ్వా, యవ్వా" అని ముద్దుగా పిలుస్తూ ఏదో చెబుతోంది. నేను గిన్నె తీసుకుపోయి పొయ్యి మీదే పెట్టాను. పొంగి మాడింది.

ఆ పిల్ల ఆధార్ కార్డులో అడ్రసు మార్పించాలని నన్ను తోడిచ్చి వికారాబాదు పంపించారు. మన ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేదు, ఈ రాష్ట్రం కార్డు చూపిస్తే చాలు. నేను నా కార్డు చూపించాను. ఆ పిల్ల కార్డు తీయబోతుంటే నేనే గట్టిగా, బస్సంతా వినబడేటట్టు అన్నాను, "గామెది గీడిది గాదు, కర్ణాటక! టికెట్ కొట్టుండ్రి!"

ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి, "అయ్యో, కొత్తకోడలా?" అంది.

"అవును అమ్మా. మా ఊరిలో నాకు కూడా టికెట్ లేదు," అని ఆ పిల్ల నవ్వి డబ్బులిచ్చింది. అనంతగిరి దాకా కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చుంది. నేను అన్నది ఆమెకు తగల్లేదో, తగిలినా కనబడనివ్వలేదో. నాకు ఆ నవ్వు ఇంకా కారం పూసినట్టయింది. మీసేవ దగ్గర అడ్రసు అడిగితే, ఇంటి నెంబరు నుంచి జిల్లా దాకా గడగడా ఒప్పజెప్పింది. ఎవరు నేర్పారంటే, "అత్తి నేర్పారు, రోజూ అడుగుతారు," అంది. అత్తను వాళ్ళ వైపు 'అత్తి' అంటారట.

వాళ్ళిద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. నా గురించే అని నాకు గట్టి నమ్మకం. ఇంకెవరి గురించి మాట్లాడతారు? పొద్దున్నే లేచి ఇల్లూడ్చేది నేను, పెడితే తినేది వాళ్ళు. తాండూరు సంతకు పోయినప్పుడు గాజులమ్మే ఒకామెను అడిగాను. ముసల్మాన్ల ఆమె, మూడు భాషలూ కడిగి పారేస్తుంది.

"అక్కా, పెద్దకోడలిని కన్నడంల ఏమంటరు?"

"హిరే సొసి అంటరు. ఎందుకు, ఏం పరేషాన్ వచ్చింది?"

"ఊకనే."

"ఊకనే ఎవ్వలు అడుగుతరమ్మా! నిన్ను తిడుతున్నరా ఇంట్ల?"

"గదే సూద్దామని."

"అరే, ఒక్క మాటతోని ఏం సమజైతది? తిట్టిన్రో, మెచ్చుకున్నరో ఎట్ల తెలుస్తది?"

"గది తర్వాత సంగతి. ముందుగాల నా మాటైతే రానియ్యి."

ఆమె నా చేతికి గాజులు ఎక్కిస్తూ, "జర వేళ్ళు ఒదులు చెయ్యి, గంత బిగబడితే గాజులు పల్గుతయ్," అంది.

హిరే సొసి, హిరే సొసి అని దారంతా అనుకుంటూ వచ్చాను. పది రోజులు చెవులు అటే పెట్టాను. గోడ పక్కన బియ్యం చెరిగాను, చెరిగినవే మళ్ళీ చెరిగాను. వాళ్ళు నవ్వారు, ఒకసారి మా అత్త కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ మాట మాత్రం రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. చివరికి ఓపిక పట్టలేక ఆ పిల్లనే అడిగాను.

"గంతసేపు ఏం ముచ్చట వెడ్తరే?"

"అక్కా, అత్తి వాళ్ళ ఊరి బావి గురించి చెప్తారు. చిన్నప్పుడు ఆ బావిలో ఈత కొట్టారంట. వాళ్ళ అక్క మెట్ల మీద కూర్చుని భయపడేదంట. ఇప్పుడు నీళ్ళు ఎంత ఉన్నాయి అని రోజూ అడుగుతారు." గొంతు తగ్గించింది. "ఆ బావి ఎండిపోయింది అక్కా. చెత్త వేస్తారు. నేను నీళ్ళు ఉన్నాయి అని చెప్తాను. మీరు చెప్పకండి."

తిట్టుకున్నా బాగుండేది. నిజంగా చెబుతున్నాను, నా మీద చాడీలు చెప్పుకుంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. నా ఊసే లేదు. మా అత్తకు ఈత వచ్చని నాకు తెలియదు. ఆమెకు అక్క ఉండేదని తెలియదు. ఇరవై ఏళ్ళు ఒక్క పొయ్యి దగ్గర వండుకుని తిన్నాం. ఆ పిల్ల ఆమెకు అబద్ధమైనా చెప్పగలదు. నాకు అబద్ధం చెప్పడానికి కూడా ఆ బావి తెలియదు.

దసరా అయ్యాక తాండూరులో రూము దొరికింది. ఇంక పీడ పోతుందని లోపల పొంగిపోయాను. అప్పుడు మా అత్త అంది, "నేను గూడ పోత."

మా ఆయన, "ఎన్ని రోజులకు?" అన్నాడు.

"సూస్త."

నేనేమని ఆపాలి? ఊళ్ళో ఆడవాళ్ళు అత్త ఎప్పుడు పోతుందా అని చూస్తుంటారు. నేను ఉండమని అడిగితే నవ్వరా? ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకోవడం నా కళ్ళతో చూశాను. ఆ సాయంత్రం మంద వచ్చింది. కట్టె పట్టుకుని తడిక దగ్గర నిలబడ్డాను. నాలోని కసి ఎట్లా బయటికి వచ్చిందంటే, మొదటి గొర్రె వీపు మీద కట్టె పెట్టి, "ఒకటి," అన్నాను. మన లెక్కలోనే లెక్కపెడతాను, ఆమె లెక్క నాకెందుకు అని.

ముప్పై దాటేసరికి తడబడ్డాను. చేతికి ఆ పాట అలవాటు, నోరు ఇంకోటి అంటోంది. గొర్రె దాటిపోతుంటే మాట వెనకబడింది. చివరికి మూడు తక్కువ వచ్చాయి.

"మూడు తక్వున్నయ్," అన్నాను.

ఇంక చూడండి గత్తర. తోడేళ్ళా, దొంగలా అని మా ఆయన చెరువు కట్ట వైపు ఉరికాడు. ఇంటిపక్కవాళ్ళు బండ్లేసుకుని రోడ్డు వైపు పోయారు. మా అత్త సంచి వదిలేసి, ఆ మోకాళ్ళతో చేను గట్ల మీద "బా, బా" అని పిలుచుకుంటూ నడిచింది. ముళ్ళకు చీర చినిగింది. నేను తడిక పట్టుకుని నిలబడే ఉన్నాను. నాకు అనుమానం వచ్చింది, కానీ చెప్పడానికి నోరు రాలేదు. ఆ పిల్ల వచ్చి నా చేతిలోంచి కట్టె తీసుకుని, గొర్రెలన్నిటినీ బయటికి తోలి, మళ్ళీ ఒక్కొక్కటే లోపలికి వదిలింది. ఒందు, ఎరడు, మూరు. అన్నీ ఉన్నాయి.

మా అత్త రొప్పుతూ వచ్చి రాయి మీద కూలబడింది. కాలికి రక్తం.

"ఎట్ల తప్పింది?" అంది నాతో.

"తెలుగుల లెక్కవెట్టిన."

"ఎవ్వలు పెట్టుమన్నరు నిన్ను గట్ల?"

"నువ్వు పోతున్నవ్ గద! ఇంక నీ లెక్క నాకెందుకు?"

అనేశాను. ఆ పిల్ల ముందే. మా అత్త కొంగుతో కాలి రక్తం తుడుచుకుంది.

"నేను వచ్చిన్నాడు నా ఎంబడి ఎవ్వలు రాలె," అంది. "నాలుగు నెలలు నోట్లె మాటనే లేకుండె. మీ మరిది పొద్దుగాల పోతే చీకటికి వస్తడు. గీ పోరి గా రూముల ఒక్కతె ఎట్లుంటది? నీకేంది, నీకు అన్నొచ్చినయ్."

మర్నాడు పొద్దున ఆమె పోయింది. నీకు అన్నీ వచ్చాయి అంటే మెచ్చుకున్నట్టా, వదిలేసినట్టా? ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే, అది పోయేముందు అన్నది. ఏమీ నేర్చుకోకుండా ఉంటే నా దగ్గరే ఉండేదేమో అని కూడా అనిపించింది. అట్లాంటి పిచ్చి ఆలోచనలు వచ్చేవి.

తాండూరు గంట ప్రయాణం. అయినా మూడు నెలలు పోలేదు. రోషం. మా ఆయన పోయి వచ్చినప్పుడల్లా, "అమ్మ మంచిగున్నది," అనేవాడు. మంచిగా ఉండటం కూడా నాకు నచ్చేది కాదు. చలికాలంలో గొర్రెల ఈతలు మొదలయ్యాయి. రోజుకు రెండు మూడు ఈనుతుంటే ఒక్కదాన్ని తట్టుకోలేక, "అత్తను తోలుకొస్త," అని బయలుదేరాను. ఈతలు ఒక సాకు. ఆ మాట మా ఆయనకూ తెలుసు.

రూము చిన్నది. కిందంతా నున్నటి బండలు, పాలిష్ ఫ్యాక్టరీ ఊళ్ళో ఇంకేముంటాయి. నేను పోయేసరికి ఆ పిల్ల గల్లీలో కూరగాయల బండి ఆమెతో బేరమాడుతోంది.

"గింతంత కొత్తిమీర కట్టకు గంత ధరనా! జర నాయం ఉండాలె!"

వెనక్కి తిరిగి నన్ను చూసి సిగ్గుపడింది. మూడు నెలల్లో మడతలన్నీ పోయి మాట నలిగింది, మా మాట అయింది. మా అత్త నన్ను చూసి, కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టింది. నల్లమూతి గొర్రె ఈనిందా? ఎన్ని? కవలలా? పాలు చాలుతున్నాయా? కుంటిది ఎట్లుంది? కందులు కోసిన్రా? నీ బిడ్డ పరీక్షలు రాసిందా? నేను జవాబు చెప్పేలోపే ఇంకోటి. తెలుగులో. మా అత్త నాతో అంత సేపు మాట్లాడటం నేనెరుగను. ఒక్కో గొర్రె సంగతి చెప్తుంటే నవ్వింది, నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

వెనక గిన్నెలు చప్పుడయ్యాయి. ఆ పిల్ల చాయ్ పెడుతోంది. చక్కెర డబ్బా మూత కొట్టిన పద్ధతి చూశాను, గ్లాసులు కింద పెట్టిన పద్ధతి చూశాను. ముఖం ముడుచుకుని ఉంది. ఆ గొర్రెలేవో, వాటి పేర్లేవో ఆమెకు తెలియవు. మాటల్లో దూరడానికి సందు లేదు. ఆ ముఖం నాకు బాగా తెలుసు, అద్దంలో ఎన్నిసార్లు చూశానో. మొదట లోపల చల్లగా అయింది, దాచను. చూడు నీకు కూడా అని. ఇంకాసేపు కావాలనే గొర్రెల ముచ్చట సాగదీశాను.

చాయ్ తాగాక, "అత్తమ్మా, పోదాం పా, ఈతలున్నయ్," అన్నాను. మా అత్త అప్పుడే లేచి సంచి వెతుక్కుంది.

ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది. "మళ్ల ఎప్పుడు తోలుకొస్తవ్ అక్కా?" అంది. కళ్ళు నా మీద లేవు, బండల మీద ఉన్నాయి.

ఈతలయ్యాక అనొచ్చు. చూద్దాం అనొచ్చు. నోట్లోంచి ఏం వచ్చిందంటే, "నువ్వు గూడ రా. వాడు నాలుగు రోజులు క్యాంటీన్ల తింటడు తియ్యి."

ఆ పిల్ల ఒక్క ఉరుకులో లోపలికి పోయింది. మంచం కింది నుంచి బ్యాగు లాగిన చప్పుడు వినబడింది. మా అత్త నా చెయ్యి పట్టుకుని, గడప అవతలికి లాగి, చిన్నగా అంది.

"దాన్నెందుకు రమ్మన్నవే? మనిద్దరమే పోదమనుకున్న గద."

ఆ మాట కోసం నేను ఎన్ని నెలలు కడుపు కాల్చుకున్నానో ఆ దేవుడికే తెలుసు. ఇప్పుడు చెవిలో పడింది. ఇంకోసారి అనమని అడగాలనిపించింది. లోపల బ్యాగు జిప్పు బర్రుమంది.

"మెల్లగ అత్తమ్మా," అన్నాను, "వింటది."